గవ్వలమిట్టపాళెం బోర్డు మీది సున్న

జిల్లాలో అభివృద్ధి లక్ష్యాల లెక్కలు చూసే అధికారి గారి సముఖమునకు,

గవ్వలమిట్టపాళెం కాపురస్తుడు, వయసు మీదపడి వేట మానుకొన్న గంగులయ్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మా ఊరి బోర్డు మీద ‘విపత్తులలో మరణించినవారు, గల్లంతైనవారు’ అను వరుసకు ఎదురుగా ఉన్న సున్నను ఒకటిగా దిద్దించుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితాలు కొని తెచ్చి కూడా వాటిని గోడగూట్లో పెట్టి, వాటి మీద కళ్లజోడు పెట్టి, ఆ కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుక్కుంటూ రోజులు గడిపాను. నా భార్య మస్తానమ్మ “రాస్తే రాయి, లేకుంటే ఆ కాగితాలు ఇటియ్యి, పొయ్యి రాజేసుకుంటా” అన్నందువల్ల కలం పట్టాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. బొరుగుల పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు విప్పి చదువుకొని అక్షరాలు నేర్చాను. అందుచేత నాకు ఏ కథకూ మొదలూ చివరా తెలియవు, మధ్యలే తెలుసు. నా రాతలో ఆ లోపం కనబడితే మన్నించగలరు. అర్జీ పద్ధతి మాత్రం నెల్లూరులో ఒక కచేరీ వరండాలో కూర్చొని జనానికి అర్జీలు రాసిచ్చే చోటే సాహెబ్ దగ్గర చూసి నేర్చుకున్నాను. “గంగులన్నా, అర్జీలో ఏడుపు మూడో అంశంలో పడాల. మొదట్లోనే ఏడిస్తే గుమాస్తా పక్కన పడేస్తాడు. ఆఖర్లో ఏడిస్తే దొర అందాకా చదవడు” అనేవాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన చెప్పిన ప్రకారమే అంశాలు వేస్తున్నాను గాని, ఏది ఎక్కడ పడుతుందో నా చేతిలో లేదు.

1. బోర్డు గురించి. పోయిన ఆగస్టులో మా ఊరి మొదట్లో, కుళాయి పక్కన, ఆకుపచ్చ బోర్డు ఒకటి నిలబెట్టించారు. షామియానా వేశారు, మైసూరుపాకు పంచారు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో ముందున్న గ్రామమని మైకులో మమ్మల్ని పొగిడారు. పొగడ్తలు మాకు అలవాటు లేక, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక, మైకు కీచుమన్నప్పుడల్లా కొట్టాం.

సదరు బోర్డు మీద వరుసలు ఉన్నాయి. కరెంటు ఉన్న ఇళ్లు నూటికి నూరు. నిజమే. మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు నూటికి నూరు. అదీ నిజమే, కొన్నింట్లో వలలు పెట్టుకున్నారు గాని, ఈ అర్జీకి దానితో సంబంధం లేదు కనుక వదిలేస్తున్నాను. అన్నిటికన్నా కింద, విపత్తులలో మరణించినవారు, గల్లంతైనవారు: 0.

బోర్డు రాసింది కొడవలూరు నుంచి వచ్చిన పెయింటరు. చెయ్యి తిరిగినవాడు. ఆ సున్నను ఎంతో ఇష్టంగా గీశాడు. దూరం పోయి చూసుకొని, మళ్లీ వచ్చి అంచుకు పసుపు రంగు పెట్టాడు. అతనికి టీ తెచ్చిచ్చింది నేనే. “గుండ్రంగా వచ్చిందా తాతా?” అని అడిగాడు. “బాగా వచ్చింది నాయనా” అన్నాను. అతని తప్పు ఏముంది? రాయమన్నది రాశాడు.

ఆ కుళాయికి నీళ్లకు పోయే ఆడవాళ్లలో నా కోడలు సుభాషిణి ఒకతె. బిందె నిండేదాకా బోర్డుకు ఎదురుగా నిలబడాలి. మొదట్లో తల దించుకొని నిలబడేది. ఇప్పుడు అటు వీపు పెట్టి నిలబడుతోంది. బిందె నిండి పొర్లుతున్నా తెలియడం లేదని తక్కిన ఆడవాళ్లు వచ్చి మస్తానమ్మకు చెప్పారు.

2. సదరు సున్న తప్పు. అక్కడ ఒకటి ఉండాలి. ఆ ఒకటి పేరు పెంచలకృష్ణ, తండ్రి పేరు గంగులయ్య, అనగా ఈ అర్జీదారుడు.

పోయిన కార్తీకంలో శివ అనే అతని ఫైబర్ బోటులో నలుగురు వేటకు పోయారు. మావాడు వారిలో ఒకడు. పొద్దెక్కేసరికి గాలి తిరిగింది. వాయుగుండం వస్తోంది, ఒడ్డుకు చేరండి అని ఫోన్లకు కబురు వచ్చింది. తమ పక్కనుంచి లోపం లేదు, కబురు వచ్చిన మాట వాస్తవం. కాని ఫోన్లు ఒడ్డున ఇళ్లల్లో ఉన్నాయి. ఉప్పునీళ్లు తగిలితే పాడవుతాయని ఎవరూ పట్టుకుపోరు; పట్టుకుపోయినా నడిసముద్రంలో సిగ్నలు ఉండదు. మావాడి ఫోను మా ఇంట్లోనే మేకుకు వేలాడుతూ టింగుమంది. “అబ్బయ్య ఫోను మోగతా ఉందే, ఎవురో ఏమో” అంది మస్తానమ్మ. దాన్ని తెరిచి చూడటం మాకు రాదు.

బోటు బోర్లపడింది. ముగ్గురు ఐసుపెట్టె పట్టుకొని తేలారు. కృష్ణపట్నం వైపు పోతున్న ఓడలోని వాళ్లు చూసి తాళ్లు వేసి పైకి లాగారు. శివ ఆ ముగ్గురిలో ఒకడు. నాలుగోవాడి చెయ్యి ఐసుపెట్టె మీద నుంచి ఎప్పుడు జారిందో తనకు తెలియలేదని శివ చెప్పాడు. ఆ తరువాత హెలికాప్టరు తిరిగింది, ఊళ్లో ఉన్న బోట్లన్నీ తిరిగాయి. స్టేషన్లో గల్లంతు అని రాసుకున్నారు. అప్పటికి లెక్క సరిగ్గానే ఉంది.

3. ఇది మూడో అంశం. చోటే సాహెబ్ లెక్కన ఏడవవలసింది ఇక్కడే. కాని మా ఊరి పద్ధతులు రెండు ఇక్కడ వివరించవలసి ఉన్నందున ఆ పనికి వీలు చిక్కలేదు.

మొదటిది. వేటకు పోయిన మనిషిని గురించి ఆ ఇంటివాళ్లు ‘లేడు’ అన్న మాట అనరు. గుమ్మంలోకి ఎవరొచ్చి అడిగినా ఉండాడు, వేటకు పోయినాడు, వస్తాడు అనే చెబుతారు. ఇదేం మూఢత్వమని తమరు అనుకోవచ్చు. తమ ఇంట్లోనూ బియ్యం అయిపోతే లేవనరు, నిండుకున్నాయంటారు. బియ్యానికే అంత మర్యాద ఇచ్చే మనం మనిషికి ఇవ్వకుండా ఉంటామా? చోటే సాహెబ్ లేడని పైన రాశాను. చెయ్యి ఆగలేదు. ఆయన నేల మీద, మంచం మీద, పదిమంది చూస్తుండగా పోయాడు. అది వేరు. నీళ్లల్లో చిక్కని మనిషిని లేడని అనడమంటే మనమే వాణ్ణి ముంచినట్టు.

రెండోది. పడ్డ చేపల్ని బోటుకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు చేసి పంచుకుంటారు. మనిషి చిక్కకపోతే వాడి పాలు ఆగదు. ఆ ఇంటివాళ్లు గడప పక్కన ఒక గిన్నె పెడతారు. వాడితో వేటకు పోయినవాళ్లు రోజూ అందులో చేపలు వేసి, మాట్లాడకుండా పోతారు. గిన్నె బయట ఉన్నన్నాళ్లు పాలు వస్తుంది. ఏ రోజు గిన్నె బయట కనబడదో ఆ రోజుతో సరి. ఎందుకు పెట్టలేదని ఎవరూ అడగరు. ఇన్నాళ్లని గడువు కూడా లేదు.

మా ఇంటి గడప పక్కన సుభాషిణి పెట్టిన సత్తు గిన్నె ఉంది. వేట నిషేధం నడిచిన రెండు నెలలూ ఊళ్లో ఎవరూ నీళ్లల్లోకి దిగలేదు. అయినా గిన్నె ఖాళీగా అక్కడే ఉంది. అందులో పిల్లి పడుకునేది.

4. సున్న ఎట్లా పుట్టిందో మనవి చేస్తాను. మాఘంలో తమ శాఖ తరఫున సాహిరా అనే అమ్మాయి చేతిలో టాబు పట్టుకొని మా ఊరు వచ్చింది. బుచ్చిరెడ్డిపాలెం పిల్ల. వరిపొలాల మధ్య పెరిగింది కనుక సముద్రం కనబడగానే పని మరిచిపోయి కాసేపు చూసింది. తరువాత మా అరుగు మీద కూర్చుంది. నేను ఓ మూల వల కుట్టుకుంటున్నాను.

“ఇంట్లో ఎంతమంది అవ్వా?”

“నలుగురం తల్లా. నేనూ, మా ఇంటాయనా, కొడుకూ కోడలూ.”

“కొడుకు ఈడనే ఉంటాడా?”

“ఉండాడు. వేటకు పోయినాడు.”

“పోయిన ఏడు రోజుల్లో ఎన్నాళ్లు పనికి పోయినాడో చెప్తావా?”

మస్తానమ్మ గిన్నె వైపు చూసింది. ఆ వారంలో ఒకనాడు ఊరంతా వేట మానుకుంది. “ఆరు దినాలు” అంది.

“ఆరు దినాలా! మా అన్న ఉండాడు, నెలకు ఆరు దినాలు పోతే మా అమ్మ పండగ చేస్తాది” అని ఆ పిల్ల నవ్వింది. “చేపలు ఇంటికి తెస్తాడా అవ్వా, అన్నీ అమ్మేస్తాడా?”

“ఎందుకు తేడు? అదో, చూడు.” గిన్నెలో కానాగంతలు మెరుస్తున్నాయి. “నాలుగు చుట్టిస్తా, తీసకపో.”

“వద్దవ్వా, వాసనొస్తాదని కండక్టరు దారిలోనే దించేస్తాడు. తుపాన్లల్లో, వరదల్లో మీ ఇంట్లో ఎవురన్నా పోవడంగానీ, కనబడకుండా పోవడంగానీ జరిగిందా?”

“మా ఇంట్లోనా? లేదు తల్లా. అందరం ఉండాం.”

సుభాషిణి లేచి లోపలికి పోయింది. నేను వల కుడుతూనే ఉన్నాను. సాహిరా టాబు మీద వేలితో నొక్కుకుంటూ, “మంచి ఇల్లు అవ్వా మీది, అందరూ పని చేస్తారు” అని మస్తానమ్మకు చెప్పి పక్కింటికి పోయింది.

ఆ పిల్లది రవ్వంత తప్పు లేదు. అడగమన్నది అడిగింది, చెప్పింది రాసుకుంది. మేం చెప్పిందీ మా పద్ధతిలో అబద్ధం కాదు. రెండు నిజాలు కలిసి ఒక సున్న అయింది.

5. కచేరీకి వెళ్లిన వైనం. బోర్డు పెట్టిన తరువాత నేను నెల్లూరు వచ్చి తమ విభాగంలో జయశీల అనే ఉద్యోగిని కలిశాను. ఆమె బల్ల మీద కాగితాల కట్టలు ఎంత ఎత్తున ఉన్నాయంటే, ముందు నాకు ఆమె గొంతు వినబడింది, ఆ తరువాత మనిషి కనబడింది. నాకు కుర్చీ వేయించింది. టాబు లెక్కా స్టేషను లెక్కా కంప్యూటరులో సరిచూసిన కాగితం తీసి చదివి వినిపించింది. ‘సదరు వ్యక్తి జీవించి ఉన్నట్లు, వారమునకు ఆరు దినములు ఉపాధిలో ఉన్నట్లు తేలినందున, గల్లంతు నమోదు తొలగించడమైనది.’

ఇంకోసారి చదవమన్నాను. చదివింది.

అయ్యా, నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. మావాడు ఇంట్లో ఉన్నన్నాళ్లూ వారానికి ఆరు దినాలు పనికి పోయిన పాపాన పోలేదు. రెండు దినాలు గాలి బాగాలేదనేవాడు, ఒక దినం తనకే బాగాలేదనేవాడు. వాడి సోమరితనం మీద మస్తానమ్మ వేసిన కేకలు పక్క ఊరికి వినబడేవి. ఇప్పుడు తమ కాగితాల్లో వాడంత కష్టజీవి జిల్లాలో లేడు.

“తాతా, సర్వే లెక్క కొత్తది, స్టేషను కాగితం పాతది. రెండూ కలవకుంటే కొత్తదాన్నే పట్టుకోమని పైనుంచి ఉత్తరువు” అంది జయశీల.

“అమ్మా, పాతదే నిజం.”

“అయ్యుండొచ్చు. నేనేం చేసేది? ఈ లక్ష్యాల లెక్కలు ఢిల్లీకి పోతాయి, ఆడినుంచి ఇంకా పైకి, దేశాలన్నీ కలిసే కాడికి పోతాయి. అందరూ ఒకే గళ్లల్లో రాయాల. మనిషి ఉంటే ఉన్నాడు, లేకుంటే లేడు. మీ ఊరికొక గడి, కొండల్లో వాళ్లకొక గడి పెట్టుకుంటా పోతే ఎవరినెవరితో పోల్చేది? మనుషులా చాలరు. సాహిరా ఒక్కతే ఎన్ని ఊళ్లు తిరగాలో మీకేం తెలుసు?”

ఆమె విసుక్కోలేదు. నిజంగానే దిక్కు తోచక చెప్పింది. నాకు ఆమె మీద జాలి కలిగింది. ఇంతమందికి ఆకలి ఉందా, జబ్బు ఉందా, నీళ్లున్నాయా, మనుషులున్నారా అని ఒక్కో గడిలో ఒక్కో అంకె వేసి దేశం ఎంత ముందుకొచ్చిందో చెప్పడం దేవుడికైనా కష్టమైన ఉద్యోగం. ఆయన అందుకే ఆ పని పెట్టుకోలేదు.

“మార్చడానికి దారే లేదా?” అన్నాను.

“ఉంది తాతా. ఇంటివాళ్లు వచ్చి, మావాడు లేడు అని ఒక్క మాట చెప్పి సంతకం చేస్తే చాలు. మీరే చెప్పండి, ఇప్పుడే రాసుకుంటా.”

కలం తీసుకొని నా వైపు చూసింది. నేను బస్సుకు టైమైందని చెప్పి లేచి వచ్చేశాను. ఆ బస్సు ఇంకా చాలాసేపటికి గాని లేదు.

6. ఇంతకూ సున్న ఉంటే నష్టమేమని తమరు అడగవచ్చు. చెప్పవలసింది ముందు చెప్పకపోవడం నా పాత అలవాటు.

గాలి తిరిగే కబురు రాగానే ఊరంతటికీ, దగ్గరి నీళ్లల్లో ఉన్న బోట్లకూ వినబడేటట్లు మోగే సైరను స్తంభాలు తీరం వెంబడి కొన్ని ఊళ్లకు మంజూరయ్యాయి. మా ఊరి పేరు మొదటి విడతలో ఉండిందని జయశీలే చెప్పింది. సున్న వచ్చింది కనుక, విపత్తు నష్టం లేని గ్రామమని, పేరు తీసివేసి స్తంభాన్ని వేరే ఊరికి ఇచ్చారు. ఆ ఊరి మీద నాకు అసూయ లేదు. వాళ్లకూ మనుషులు పోయారు. వాళ్ల సంగతి సరిగ్గా రాసుకున్నారు, అంతే. మాకు బోర్డు ఇచ్చారు. బోర్డు మోగదు.

మళ్లీ కార్తీకం వస్తోంది. శివ అదే బోటు బాగుచేయించుకొని వేటకు పోతున్నాడు. అందులో ఇప్పుడు ముగ్గురే పోతారు, నాలుగోవాణ్ణి ఎక్కించుకోడు.

కచేరీ నుంచి వచ్చిన నాడు ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మస్తానమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, “నా నోటితో నేననను. నువ్వన్నావంటే ఈ ఇంట్లో ఉండబాక” అంది. సుభాషిణి నా కంచంలో కూర వేసింది. తరువాత, “ఆ సైరను శివన్న వాళ్లకు వినబడతాదా మామా?” అని అడిగింది.

“దగ్గర్లో ఉంటే వినబడతాదంట. ఇంకా పోనివాళ్లయితే ఒడ్డునే ఆగిపోతారు గదమ్మా” అన్నాను.

“ఊఁ” అని, కంచాలు తీసుకొని లోపలికి పోయింది.

7. కావున అర్జీదారుడు కోరుకొనునది ఏమనగా:

ఉన్నాడు, లేడు అనే రెండు గళ్ల మధ్య ఇంకొక గడి, ఎంత సన్ననిదైనా సరే, పెట్టించవలెను. ఇంటివాళ్లు లేడని అనకుండానే, తమరు లేడని రాసుకునే గడి. ఈ దేశానికి ఎంతో పొడుగు సముద్రం ఉంది. ఆ గడి మా ఒక్క ఇంటికే కాదు, ఇంకా చాలామందికి పనికొస్తుంది. దాని మీద ఏం పేరు రాయాలో నాకు తెలియదు. సుభాషిణిని ఏమని పిలవాలో ఊళ్లో ఎవరికీ తెలియనట్టే. పేరంటాలకు పిలవాలో మానాలో తెలియక ముందు మస్తానమ్మను కదిపి చూస్తున్నారు. వాళ్లు వచ్చినప్పుడల్లా మస్తానమ్మ వాళ్ల ముందే వాడి చొక్కా ఉతికి ఆరేస్తోంది. పోయిన వారం కూడా ఉతికింది. అది మాసిందీ లేదు, మాసే దారీ లేదు. నీళ్లు మాత్రం నల్లగా వస్తున్నాయని నాతో అంటోంది. నేను చూశాను, తెల్లగానే వస్తున్నాయి. నల్లగానే ఉన్నాయిలే అన్నాను.

చోటే సాహెబ్ క్షమించాలి. మూడో అంశంలో పడవలసింది ఏడులో పడింది.

రెండవ కోరిక, స్తంభం. కార్తీకం లోపల.

మూడవది, ఈ అర్జీ కారణంగా సాహిరా ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. తిరిగి లెక్కలకు పంపేటట్లయితే ఆ పిల్లనే పంపవలెను. ఈసారి చేపలు అరిటాకులో చుట్టి, సంచిలో పెట్టి, కండక్టరుకు తెలియకుండా ఇస్తాం.

బోర్డు తీసివేయమని నేను అడగడం లేదు. సున్నను దిద్దించండి చాలు. అంచున పసుపు రంగు అలాగే ఉండనివ్వండి. ఆ పెయింటరు కష్టపడ్డాడు.

ఒక్క అంకె కోసం ఇన్ని పేజీలు చదివించినందుకు కోపగించుకోక, తీరిక చేసుకొని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(వేలిముద్ర కాదు, సంతకమే)
గంగులయ్య
గవ్వలమిట్టపాళెం

తాజా కలం: ఏడో అంశంలోని మొదటి కోరికను మా ఇంటివరకు కొట్టివేసుకొనవలెనని మనవి. ఇతరుల కోసం ఉంచినా ఉంచవచ్చును. ఈ అర్జీ నిన్న సాయంత్రం ముగించి మడిచి పెట్టాను. ఈ పొద్దున నెల్లూరు బస్సు కోసం బయటికి వస్తే గడప పక్కన గిన్నె లేదు. లోపల పొయ్యి దగ్గర, కడిగి బోర్లించి ఉంది. సుభాషిణి వాకిలి చిమ్ముతోంది. మస్తానమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. శివ చేపలతో వచ్చాడు. గడప దగ్గర చూశాడు. చేతిలో చేపలు మళ్లీ బుట్టలో వేసుకొని, వచ్చిన దారినే వెళ్లాడు.